ఎక్స్‌పీకి తెలియని సంగతి

ఉదయగిరిలో గానీ ఆత్మకూరులో గానీ పెళ్లిపత్రిక వేయించాలంటే మేటరు కాగితం మీద రాసుకుని డీటీపీ సెంటరుకు పోవాలి. మన ఊళ్ల సెంటర్లలో ఆ మేటరు కొట్టడానికి ఏళ్లుగా వాడుతున్న జోడీ పేజ్‌మేకరు, అను ఫాంట్లు. అడోబీ కంపెనీ పేజ్‌మేకర్ 7.0ను 2001లో తెచ్చింది. తర్వాత దాని దృష్టంతా ఇన్‌డిజైన్ మీదికి పోయింది. 2001లోనే అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ మీద ఈ జోడీ చక్కగా కుదురుకుంది. ఆ ఎక్స్‌పీని మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న వదిలేసింది.

ఇంకా ఈ పాత సరంజామానే పట్టుకుని వేలాడటమేమిటని పట్నం వాళ్లు నవ్వుతారు. కారణం బద్ధకం కాదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. వత్తు ఎక్కడ అతకాలో, గుడి ఎక్కడ తగిలించాలో దానికి తెలియదు. అందుకని అను లాంటి ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాలుండాల్సిన గళ్లలో తెలుగు ముక్కల్ని విడివిడిగా సర్దిపెట్టారు. కీబోర్డు సాఫ్ట్‌వేరు ఆ ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చి అక్షరం చేస్తుంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లుబుక్కుల నమూనాలు అన్నీ ఆ పద్ధతిలోనే ఫైళ్లుగా పేరుకున్నాయి. ఆపరేటర్ల వేళ్లకు ఆ కీబోర్డే అలవాటు. ఇప్పుడు కొత్త సిస్టమ్ కొంటే విండోస్ 11 వస్తుంది. అందులోనే పేజ్‌మేకర్‌ను ఎలాగోలా ఎక్కించి నడిపేవాళ్లు లేకపోలేదు. కానీ ప్రింటు తేడా కొడితే అడిగేందుకు దిక్కుండదు. ఇంకో దారి, కొత్త సిస్టమ్‌లోనే ఒక విండో తెరిచి అందులో ఎక్స్‌పీని నడిపించడం. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లలో వర్చువల్‌బాక్స్ ఒకటి. జర్మనీలోని ఇన్నోటెక్ దాన్ని 2007లో బయటపెట్టింది. సన్ కంపెనీ మీదుగా 2010లో అది ఒరాకిల్ చేతికి వచ్చింది. అసలు ప్రోగ్రాముకు డబ్బు కట్టనక్కర్లేదు.

512 ఎంబీ మెమరీ, పది జీబీ డిస్కు కేటాయించి, ఎక్స్‌పీ సీడీ చూపించి స్టార్ట్ నొక్కితే ఆ విండోలో ఒక కంప్యూటరు లేస్తుంది. లేవగానే ఎక్స్‌పీ తన చుట్టూ ఏమేం పరికరాలున్నాయో వెతుక్కుంటుంది. దానికి దొరికేవి ఇంటెల్ పీఐఐఎక్స్3 చిప్‌సెట్, ఐడీఈ డిస్కు, ఏఎండీ పీసీనెట్ నెట్‌వర్క్ కార్డు. అన్నీ 1990ల నాటి సరుకు. టేబులు మీదున్న కొత్త సిస్టమ్‌ను విప్పి చూస్తే వీటిలో ఒక్కటీ కనబడదు. ఉన్నవన్నీ సాఫ్ట్‌వేరు వేసుకున్న వేషాలు. ఏ వేషం వేయాలన్న ఎంపికలోనే నాకు మొదటి పనితనం కనిపించింది. ఎక్స్‌పీ సీడీలో ఈ కార్డుకూ ఈ డిస్కుకూ డ్రైవర్లు ముందే ఉన్నాయి. ఇప్పటి సాటా డిస్కును ఏహెచ్‌సీఐ పద్ధతిలో నడిపే డ్రైవరు లేదు. ఖరీదైన కొత్త పరికరం చూపించి ఎక్స్‌పీని తికమక పెట్టడం కన్నా, దానికి బాగా తెలిసిన పాత పరికరం చూపించడమే మేలని తయారు చేసినవాళ్లు తేల్చుకున్నారు.

ఉదయగిరి చెక్క స్పూను పనితనం వేలితో తడిమితే తెలిసిపోతుంది. నునుపు ఎక్కడుందో, ఉలి ఎక్కడ ఆగిందో చెయ్యే చెబుతుంది. ఇక్కడ తడమడానికేమీ లేదు. అందుకని ఒక కీ నొక్కి, దాని వెంట పోదాం.

ఆపరేటరు వేలు యూఎస్‌బీ కీబోర్డు మీద పడింది. ఆ కబురు మొదట విండోస్ 11కి చేరుతుంది. ముందున్నది వర్చువల్‌బాక్స్ విండో కాబట్టి అది దాన్ని అందుకుంటుంది. అందుకున్న అక్షరాన్ని నేరుగా పేజ్‌మేకర్‌కు ఇవ్వదు. 1984లో ఐబీఎం పీసీ ఏటీలో కీబోర్డు కోసం పెట్టిన 8042 అనే చిన్న చిప్పుకు అచ్చు నకలు ఒకటి దాని లోపల ఉంది. కీ తాలూకు అంకెను ఆ నకలు చిప్పులో పెట్టి, ఎక్స్‌పీకి ఇంటరప్టు, అంటే చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే సంకేతం, పంపుతుంది. ఎక్స్‌పీలోని కీబోర్డు డ్రైవరు ఉలిక్కిపడి లేచి, హెక్సాలో 60 నంబరు పోర్టు నుంచి ఆ అంకెను చదవబోతుంది. ఆ క్షణంలో ప్రాసెసరు ఎక్స్‌పీని ఉన్నపళాన నిలిపేసి పగ్గాలు వర్చువల్‌బాక్స్‌కు అప్పగిస్తుంది. వర్చువల్‌బాక్స్ నకలు చిప్పులోని అంకెను తీసి ఎక్స్‌పీ రిజిస్టరులో పెడుతుంది, ఆ ఆదేశం పూర్తయినట్టు లెక్క సరిచేస్తుంది, మళ్లీ ఎక్స్‌పీని వదులుతుంది. మధ్యలో తాను ఆగిన సంగతి ఎక్స్‌పీకి తెలియదు. దాని మటుకు అది చిప్పును అడిగింది, చిప్పు జవాబిచ్చింది. అక్కడి నుంచి అను వాళ్ల కీబోర్డు సాఫ్ట్‌వేరు ఆ కీని తెలుగు ముక్కగా మారుస్తుంది, పేజ్‌మేకరు దాన్ని పేజీలో పెడుతుంది. ఎక్స్‌పీ తన వీడియో మెమరీ అనుకున్న చోట చుక్కలు మారతాయి. మారిన భాగాన్ని పసిగట్టి వర్చువల్‌బాక్స్ తన విండోలో గీస్తుంది. "శ్రీరస్తు"లో మొదటి అక్షరం పడేలోపు ఇంత భాగోతం నడిచింది, ఆపరేటరుకు ఏ జాప్యమూ తెలియకుండా.

ఉన్నపళాన నిలిపేయడం అన్నానే, అది ఒకప్పుడు ఇంటెల్ ప్రాసెసర్లకు పూర్తిగా పట్టుబడని విద్య. ఇలా యంత్రంలో యంత్రాన్ని నడిపే వర్చువల్ మెషీన్ అనే ఆలోచన మాత్రం పాతదే. 1960లలోనే ఐబీఎం తన పెద్ద యంత్రాల మీద నడిపింది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ ఒక పత్రం రాశారు. అందులో ఉన్న కీలకమైన షరతు ఇది: యంత్రం స్థితిని మార్చగల, బయటపెట్టగల ఏ ఆదేశాన్నయినా అధికారం లేని ప్రోగ్రాము వాడబోతే ప్రాసెసరు ఆపి పైవాడికి చెప్పాలి. ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్లు ఈ పరీక్షలో తప్పాయి. పాప్‌ఎఫ్ అనే ఆదేశాన్నే చూడండి. ఇంటరప్టులు రానివ్వాలా వద్దా అనే గుర్తును మార్చడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ దాన్ని వాడుతుంది. వర్చువల్ మెషీన్ లోపల ఆ కెర్నెల్‌ను నడపాల్సింది అధికారం లేని స్థాయిలో. అక్కడ అదే ఆదేశం ఇస్తే ప్రాసెసరు అడ్డు చెప్పదు, ఆ గుర్తును మార్చనూ మార్చదు. నోరు మూసుకుని పక్క ఆదేశానికి పోతుంది. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ ఇంటరప్టులు ఆగాయనుకుంటుంది, అవి వస్తూనే ఉంటాయి. పెంటియంలో ఇలా చెప్పకుండా తప్పుకునే ఆదేశాలు 17 ఉన్నాయని 2000లో రాబిన్, అర్వైన్ లెక్క తేల్చారు.

అంతకు ముందే, 1999లో, వీఎంవేర్ వాళ్లు ఈ చిక్కును సాఫ్ట్‌వేరుతోనే విప్పారు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అందమైన ఘట్టం ఇదే. మామూలు ప్రోగ్రాముల్ని వాళ్లు ముట్టుకోలేదు. అవి నేరుగా ప్రాసెసరు మీదే పరుగెత్తుతాయి. కెర్నెల్ నడిచే సమయంలో మాత్రం, దాని ఆదేశాల్ని చిన్న చిన్న తునకలుగా ముందే చదివి, పాప్‌ఎఫ్ లాంటిది తగిలిన చోట దాని బదులు మెమరీలోని నకలు గుర్తును మార్చే ఆదేశాలు పెట్టి, తిరగరాసిన తునకను నడిపేవాళ్లు. ఒకసారి తిరగరాసింది దాచిపెట్టుకుంటారు గనక రెండోసారి ఆ ఖర్చు లేదు. లోపలి కెర్నెల్ తన సొంత ప్రతిని తాను నడుపుతున్నాననే అనుకుంటుంది. ఇంటెల్ 2005 నవంబరులో వీటీ-ఎక్స్ పేరుతో ప్రాసెసరులోనే ఈ నిలిపే విద్యను పెట్టింది, మరుసటి ఏడు ఏఎండీ అందుకుంది. తమాషా ఏమిటంటే, ఆ తొలి తరం హార్డ్‌వేరు చాలా పనుల్లో తమ తిరగరాత కన్నా నెమ్మదని 2006లో వీఎంవేర్ ఇంజినీర్లు ఆడమ్స్, ఆగెసెన్ కొలిచి చూపించారు. మెమరీ చిరునామాలను రెండంచెల్లో మార్చే పని కూడా ప్రాసెసరు నెత్తికెత్తుకున్నాకే హార్డ్‌వేరుది పైచేయి అయింది. వర్చువల్‌బాక్స్ కూడా మొదట్లో సాఫ్ట్‌వేరు తంటాలు పడ్డదే. 2019 డిసెంబరులో వచ్చిన 6.1తో ఆ పాత యంత్రాంగాన్ని పీకేసింది.

అందువల్ల ఇప్పుడు సిస్టమ్ కొన్నాక బయోస్‌లోకి పోయి ఆ వర్చువలైజేషన్ సదుపాయం ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఆఫ్‌లో ఉంటే ఎంత ఖరీదైన ప్రాసెసరైనా వర్చువల్‌బాక్స్ మొరాయిస్తుంది. ఇంకొకటి: విండోస్ 11 తన భద్రత కోసం హైపర్-వీ అనే సొంత వర్చువలైజేషన్ యంత్రాంగాన్ని వాడుకుంటుంటే పగ్గాలు ముందే దాని చేతిలో ఉంటాయి. అప్పుడు వర్చువల్‌బాక్స్ దాని కింద నడవాల్సిందే, విండో అడుగున ఒక ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. నెమ్మదిగా నడుస్తున్నామని దాచకుండా చెప్పే సాఫ్ట్‌వేరు మీద నాకు గౌరవం.

డిస్కు విషయం సెంటరు నడిపేవాళ్లకు బాగా పనికొస్తుంది. ఎక్స్‌పీ, పేజ్‌మేకరు, అను, అన్నేళ్ల ఫైళ్లు కలిసి బయటికి ఒకే ఒక్క వీడీఐ ఫైలు. దాన్ని వేరే డిస్కులోకి కాపీ చేసుకుంటే కంప్యూటరు మొత్తం కాపీ అయినట్టే. స్నాప్‌షాట్ తీస్తే వర్చువల్‌బాక్స్ ఆ ఫైలును అక్కడితో గడ్డకట్టించి, ఆ తర్వాత రాసే ప్రతి మార్పునూ పక్కన ఇంకో ఫైలులో పెడుతుంది. పార్టీ తెచ్చిన పెన్‌డ్రైవులో వైరసు వచ్చిందా, పక్క ఫైలు పారేస్తే చాలు, ఎక్స్‌పీ నిన్నటి స్థితిలో లేస్తుంది. కరెంటు పోయి యూపీఎస్ కూత పెడుతుంటే సేవ్ స్టేట్ నొక్కవచ్చు. సగం కొట్టిన కార్డుతో సహా మెమరీ మొత్తం డిస్కులోకి దిగుతుంది. కరెంటు వచ్చాక కర్సరు అదే మాట దగ్గర ఉంటుంది.

అతుకు కనిపించే చోట్లూ ఉన్నాయి. మొదటిది కాలం. ఎక్స్‌పీ నిలిచిపోయిన సమయమంతా దాని గడియారానికి లెక్కలో లేదు. సరిదిద్దేవాడు లేకపోతే వెనకబడుతుంది. దీనికీ, మౌసు సాఫీగా కదలడానికీ, రెండు సిస్టమ్‌ల మధ్య ఫోల్డరు పంచుకోవడానికీ గెస్ట్ అడిషన్స్ అనే సరంజామా ఎక్స్‌పీలో ఎక్కించాలి. ఎక్కిస్తే, నువ్వున్నది నిజం యంత్రం కాదని ఎక్స్‌పీ లోపలి డ్రైవర్లకు మనమే చెప్పినట్టు. అంత జాగ్రత్తగా కట్టిన అబద్ధాన్ని సౌకర్యం కోసం అక్కడక్కడా విప్పేశారు. ఇది లోపమనను, వాడేవాడి పని ముఖ్యమనుకున్న వాళ్లు చేసే పనే ఇది. ప్రింటరు దగ్గర కూడా ఇదే తీరు. ఎక్స్‌పీ కాలం డ్రైవరు కోసం వెతుక్కునే బదులు, పీడీఎఫ్ చేసి పంచుకున్న ఫోల్డరులో పడేసి, విండోస్ 11 నుంచి ప్రింటు కొట్టడం తేలిక. ఎక్స్‌పీకి నెట్‌వర్క్ కార్డు తగిలించకపోవడం మంచిది. పదేళ్ల కిందటే మద్దతు ఆగిపోయిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇంటర్నెట్టు మీదికి వదలకూడదు. లైసెన్సు ఉన్న కాపీనే వాడాలని వేరే చెప్పనక్కర్లేదు.

వర్చువల్ మెషీన్ తీర్చలేనిది ఒకటి మిగిలే ఉంటుంది. అను ఫాంట్లలో కొట్టిన మేటరును కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అవతలివాడికి ఇంగ్లిషు గజిబిజే కనబడుతుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు వేరే ఉన్నాయి. మార్చాక వత్తులూ పొల్లులూ ఒక్కొక్కటీ సరిచూసుకోవలసింది మాత్రం ఆపరేటరే.