కాస్త వెనక, కాస్త పక్కకి

డిగ్రీ పిల్లలకి మాత్రికలు చెబుతూ ఎషెలాన్ రూపం దగ్గరికి రాగానే బోర్డు మీద నిచ్చెన గీస్తాను. ఫ్రెంచిలో ఎషెల్ అంటే నిచ్చెన, ఎషెలాన్ అంటే దాని మెట్టు. చాలా ఏళ్ళు ఈ సంగతి తెలియకుండానే పాఠం చెప్పాను. సున్నాలు రాబట్టడం, మిగిలిన అడ్డువరుసలు లెక్కపెట్టి మాత్రిక కోటి (ర్యాంకు) ఇంత అనడం. మార్కులు వచ్చేవి. మాట మాత్రం మూగగా ఉండిపోయేది.

దాన్ని మాట్లాడించింది యుద్ధచరిత్ర. సేనల్ని మెట్లుమెట్లుగా నిలపడాన్నీ ఎషెలాన్ అనే అంటారు. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా దగ్గర స్పార్టా సైనికులు 12 వరుసల లోతున నిలబడ్డారు. థీబ్స్ సేనాని ఎపమినోండాస్ తన ఎడమ కొసన 50 వరుసలు పేర్చి, బలం తక్కువైన కుడివైపుని ఏటవాలుగా వెనక్కి ఉంచాడు. అటువైపు అసలు పోరు మొదలవకముందే ఇటు స్పార్టా రాజు నేలకొరిగాడు. 1757లో లూథెన్ దగ్గర ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కూడా పటాలాల్ని ఇలాగే నడిపి, తనకంటే రెట్టింపుకు దగ్గరగా ఉన్న ఆస్ట్రియా సేనని ఓడించాడు. ముందున్నవాడికి సరిగ్గా వెనక కాదు, కాస్త పక్కకి. కిటుకంతా ఆ 'కాస్త'లోనే ఉంది.

కొల్లేరు మీద గూడబాతులు బారుగా వెళ్ళడం చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ముందు పక్షి రెక్క కొసకి అవతల గాలి పైకి లేస్తుంది, వెనక పక్షి ఆ గాలిని అందుకుంటుంది. గుంపుగా ఎగిరేటప్పుడు తెల్ల గూడబాతుల గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందని 2001లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు కొలిచి చూపారు. ఈ మెట్ల మాట నక్షత్రాల దాకా వెళ్ళింది: 1995లో 51 పెగాసి నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని పట్టించిన పరికరంలో కాంతిని విడదీసింది కూడా మెట్లుమెట్లుగా చెక్కిన ఎషెల్ ఫలకమే.

ఇంత అందమైన మాటని పెద్ద పదవుల అంతస్తులకి అంటగట్టడం నాకు బాధగా ఉంటుంది. మాత్రికలో పైనున్న వరుసకి పెత్తనం లేదు. అన్నిటికంటే కింది వరుసలో 5జెడ్ = 15 అని మిగులుతుంది, జెడ్ 3. ఆ 3ని పైకి అందిస్తే, వై + 2జెడ్ = 8 లోంచి వై 2 అని తేలుతుంది. ఆ రెండూ చేతికొచ్చాకే ఎక్స్ + వై + జెడ్ = 6 అనే మొదటి వరుస నోరు విప్పుతుంది, ఎక్స్ 1 అని.