రేఖకు ప్రాణ మెక్కడిది?

చిత్రకళను గుఱించి మనవారిలో వాడుకగా వినవచ్చు మాట యొకటి కలదు. అది కొందఱికి పుట్టుకతో వచ్చిన వరమట. స్ఫూర్తి కలిగినపుడు చేయి తనంతట తానే కదలునట. కలుగనపుడు ఎంత పాటుపడినను ఫలము లేదట. ఈ మాటలో సత్య మెంత యున్నదో విచారింపదగియున్నది. ఏలయన, దీనిని నమ్మియే మనము పెక్కుమంది బాలబాలికల చేతినుండి పెన్సిలును లాగికొనుచున్నాము. వరము లేనివానికి శ్రమ యేల యని తల్లిదండ్రు లందురు. వరమున్నవానికి శిక్ష యేల యని కళాభిమాను లందురు. స్ఫూర్తి లోపల ఊరు నూటవంటి దని ఇరుతెగలవారి తలంపు. ఎదుటనున్న వస్తువును ఓపికతో చూచిన కంటికి దక్కు కూలియే స్ఫూర్తి యని నా మనవి.

మన ప్రాచీను లీ సంగతి నెఱుగనివారు కారు. మాళవికాగ్నిమిత్ర నాటకమున అగ్నిమిత్రుడు మాళవికను మొదట చిత్తరువున చూచును. ఇంతటి యందము నిజముగా నుండునా, వ్రాసినవాడు కొంత చేర్చి వ్రాసెనేమో యని శంకించును. పిదప ఆమె నాట్యమునకై రంగమున నిలిచినపుడు ఆ శంక తలక్రిందగును. చిత్రమున అందము తగ్గినదనియు, చిత్రకారుని సమాధి సడలుటయే దానికి హేతువనియు రాజు నిశ్చయించుకొనును. కాళిదాసు ఇచ్చట చిత్రకారుని చేతినిగాని, వర్ణములనుగాని నిందింపలేదు. చూపు నిలువలేదని మాత్రమే నిందించెను. 'శిథిలసమాధి' యను నా యొక్క పదము నేటి చిత్రములను విమర్శించుటకు సైతము చాలియున్నది.

విష్ణుధర్మోత్తర పురాణమున చిత్రసూత్రమను భాగము కలదు. నాట్యశాస్త్ర మెఱుగనివానికి చిత్రశాస్త్రము బోధపడదని మార్కండేయుడు వజ్రునకు చెప్పును. ఉత్తమ చిత్రకారుని గుర్తులుగా అందు పేర్కొన్నవి యేవి? అలలు, అగ్నిజ్వాల, పొగ, గాలికి కదలు పతాక, వీనిని వ్రాయగలుగుట. నిద్రించువానికిని మరణించినవానికిని గల భేదమును రేఖలో చూపగలుగుట. ఇవి కొలబద్ద పెట్టి తీరికగా వ్రాయదగినవి కావు. అల మన కొఱకు నిలువదు. కన్ను పట్టుకొన్న క్షణముననే చేయి కదలవలయును. మనము సహజస్ఫూర్తి యని మెచ్చుకొను గుణము ఈ త్వరయందే పుట్టుచున్నది. ఆ త్వర నూఱు అలలను చూచినవానికి గాని అలవడదు.

సికింద్రాబాదున ఉపాధ్యాయవృత్తి యందున్న నాకు ఏటేట కానవచ్చు దృష్టాంత మొకటి కలదు. "మీ యూరి బొమ్మ వేయుడు" అని తరగతిలో చెప్పినచో ఇంచుమించు పిల్లలందఱును ఒకే బొమ్మను వేయుదురు. రెండు త్రికోణపు కొండలు, వాని నడుమ ఉదయించు సూర్యుడు, క్రిందికి పాఱు నొక యేఱు, ఒడ్డున పెంకుటిల్లు, దాని ప్రక్క కొబ్బరిచెట్టు. ఈ పిల్లలలో పెక్కుమంది అట్టి కొండను చూచినవారు కారు. వారి కనులయెదుట నున్నవి వేఱు. సుమారు 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు గుండ్లు ఒకదానిపై నొకటి ఎవరో పేర్చినట్లు నిలిచియున్నవి. మౌలాలి గుట్ట బోర్లించిన గిన్నె వలె గుండ్రముగ నున్నది. హుస్సేనుసాగరము గట్టు కలదు. మోండా మార్కెట్టులో కూరగాయల గంపలు, వాని వెనుక కూర్చున్న స్త్రీలు కలరు. ఇవి యొక్కటియు బొమ్మలోనికి రావు. త్రికోణపు కొండ యెక్కడిది? అన్నగారి పుస్తకమునుండి తమ్మునికి, తమ్మునినుండి పొరుగుపిల్లకు, చేతినుండి చేతికి దిగివచ్చినది. పిల్లవాడు దానిని రెండు నిమిషములలో తడుముకొనక గీయును. త్వర యున్నది, స్ఫూర్తి లేదు. త్వరకును స్ఫూర్తికిని గల భేదము దీనివలన తెలియుచున్నది.

మన తెలుగుదేశపు చిత్రకళలో ఈ విషయమును నిరూపించు చరిత్రములలో మొదట చెప్పదగినది దామెర్ల రామారావుగారిది. ఆయన 1897లో రాజమహేంద్రవరమున జన్మించిరి. అప్పటికి గృహములలో చిత్రకళ యనగా రవివర్మ చిత్రముల అచ్చుప్రతులే. రాజమహేంద్రవరపు కళాశాలకు అధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగ చిత్రకారుడు. ఆయన యీ బాలుని చేతిని గుర్తించి, ప్రోత్సహించి, బొంబాయిలోని జే.జే. చిత్రకళాశాలకు పోవునట్లు చేసెను. రామారావుగా రచ్చట విద్య ముగించి, దేశాటనము చేసి, స్వస్థలమునకు మరలివచ్చి చిత్రకళాశాలను నెలకొల్పిరి. 1925లో మశూచికముచే మృతినొందునప్పటికి ఆయనకు ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు.

రాజమహేంద్రవరములోని ఆయన స్మారక చిత్రశాలకు పోవువారు పెద్ద చిత్రములయెదుట నిలిచి మెచ్చుకొని మరలుదురు. 'సిద్ధార్థ రాగోదయము' వంటి చిత్రము లట్టి మెప్పునకు తగినవే. అందలి స్త్రీల నిలుకడలోను, అంగవిన్యాసములోను గొప్ప సౌకుమార్య మున్నది. కాని విమర్శకుడు నిర్మొగమోటముగ చెప్పవలసినచో, ఆ సౌకుమార్యము కొన్నిచోట్ల ముందుగనే తీర్చి పెట్టుకొన్నదిగ తోచును. ఒక వంపు అందమైనదని తెలిసినపిదప అది మఱల మఱల వచ్చుచుండును. ఆయన పెన్సిలుతో గీచిన చిన్న రేఖాచిత్రములలో ఈ లోపము కానరాదు. అందు తాను చూడబోవున దేమో ఆయనకు ముందుగ తెలియదు. కావుననే రేఖ వెదకుచు నడచును, దొరికినచోట నిలుచును, అక్కఱలేనిచోట విడిచిపోవును. గోదావరిని, తూర్పుకనుమలను వ్రాసిన చేతికి ఈ వెదకులాటయే బలమిచ్చెను. పెద్ద చిత్రములలో మన హృదయమును తాకు భాగములు సైతము చిన్న రేఖలనుండి వచ్చినవే యని నా యభిప్రాయము.

అట్లయిన ప్రతి వ్రాయుట పనికిరానిదా యను ప్రశ్న పుట్టును. దీనికి అజంతా సమాధాన మిచ్చుచున్నది. ఆ గుహలు నాడు నిజాము రాజ్యములోనివి. 1909 మొదలు 1911 వఱకు లేడీ హెరింగ్‌హామ్ ఆ కుడ్యచిత్రములకు ప్రతులు వ్రాయించినపుడు వంగదేశమునుండి నందలాల్ బోసు మొదలగు యువకులు వచ్చి పనిచేసిరి. హైదరాబాదునుండి సయ్యద్ అహమ్మద్ వారితో చేరెను. నందలాలు అజంతా రేఖను నేర్చుకొని, దానినే జీవితాంతము త్రిప్పి వ్రాయుచు కూర్చుండలేదు. శాంతినికేతనమున చెట్టును, మేకను, సంతాలు కూలివానిని చూచి చిన్న కార్డులపై అసంఖ్యాకముగ గీచుచు, శిష్యులచేతను గీయించెను. పూర్వులు వ్రాసినదానిని చూచుట, పూర్వులు చూచినట్లు చూచుట, ఈ రెండును వేఱు. రెండవది చేతనైనవానికే మొదటిది మేలు చేయును.

ఆ దీపము మన ప్రాంతమునకును వచ్చినది. ఓరుగల్లు ప్రాంతమున పెనుగొండలో 1924లో జన్మించిన కొండపల్లి శేషగిరిరావుగారు హైదరాబాదున చిత్రకళ నభ్యసించి, మెహదీ నవాజ్ జంగు సాయమున శాంతినికేతనమునకు పోయి నందలాలు సన్నిధిని నేర్చిరి. మరలివచ్చి హైదరాబాదు చిత్రకళాశాలలో అనేక సంవత్సరములు బోధించిరి. గురువు శిష్యున కిచ్చినది శైలి మాత్రమే యయినచో అది యొక తరమునకు పాతబడును. చూచు నలవాటు నిచ్చినచో అది పాతబడదు.

1940లో మెదకు ప్రాంతపు నిజాంపురమున పుట్టిన లక్ష్మాగౌడుగారి కథ మఱింత బోధకము. ఆయన హైదరాబాదున చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్‌గారికడ శిక్ష నొంది, కొత్త పద్ధతులను నేర్చిరి. అట్లు నేర్చినవారు పెద్ద పట్టణములలో నిలిచి అన్యదేశముల ధోరణులను అనుసరించుట వాడుక. ఈయన చూపు తన యూరికే మరలినది. మేకలు, ముండ్లచెట్లు, మట్టిగోడలు, కష్టించు స్త్రీపురుషులు ఆయన రేఖలోనికి వచ్చిరి. ఆయన గీచిన మేకను చూడుడు: దాని మొండితనము, చెవుల కదలిక, వీపుగట్టు పొడుచుకొనివచ్చుట, ఇవన్నియు సన్నని గీతలలో నున్నవి. దేహములను దాచక చూపిన చిత్రములును ఆయన పెక్కు వ్రాసిరి. అవి గృహస్థులలో కొందఱికి రుచింపలేదు. రుచి వేఱు, సత్యము వేఱు. పల్లెజీవితమును పటము కట్టుకొను సౌందర్యముగ గాక, ఉన్నదున్నట్లుగ చూచుట కాయన జంకలేదు. సంస్కరణము కోరు మనకు ఆ జంకులేని చూపు కొంత యవసరము.

ఈ వాదమునకు బలమైన ఆక్షేపణము లేకపోలేదు. చేర్యాల నకాషీ చిత్రకారు లెదుట మనిషిని కూర్చుండబెట్టుకొని వ్రాయరు. ఎఱ్ఱని నేలపై కన్నులు, ముక్కు, నిలుకడ తరతరములుగ నియమబద్ధములు. అయినను ఆ పటములు సజీవములు. మన యిండ్ల ముంగిట స్త్రీలు వేయు ముగ్గును చూచి వేసిన వస్తు వేదియు లేదు. అయినను ఆ పిండిరేఖ తడబడదు. నే నీ యాక్షేపణమును త్రోసిపుచ్చను. నకాషీ పటము గోడకు తగిలించుటకు పుట్టలేదు. కథ చెప్పువాడు జనుల యెదుట విప్పి చూపుటకు పుట్టినది. వినువారి నవ్వును, కన్నీటిని ఎఱిగిన చేయి దానిని వ్రాసినది. అదియు నొక చూపే. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్యగారు (1925–2012) ఆ రేఖనే గ్రహించి పల్లెల పండుగలను, వృత్తులను వ్రాసినపుడు, సంప్రదాయమును ప్రత్యక్షమును కలియవచ్చునని స్పష్టమైనది. ఇక ముగ్గు సంగతి. దినదినాభ్యాసమువలన చేతి కెంతటి స్వేచ్ఛ వచ్చునో అది చూపుచున్నది. ఆ చేతికి మనము పెన్సిలు నీయకపోవుటయే విచారింపదగిన విషయము. రామారావుగారి భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును చిత్రములు వ్రాసిరి. ఒక యింట సాధ్యమైనది పదివేల యిండ్లలో సాధ్యము కాకపోవుటకు ప్రకృతి కారణము కాదు. తీరిక నీయని సంసారపద్ధతియే కారణము.

కథలకు బొమ్మలు వేయువారి మాటయు చెప్పవలయును. వారికి ఎదుట మనిషి యుండడు. అచ్చునకు గడువు మాత్ర ముండును. అట్టివానికి ప్రత్యక్షలేఖన మేల యందురు. బాపుగారు (1933–2014) వేసిన తెలుగింటి యాడుదాని జడను, కుచ్చెళ్లను, కాళ్లు ముడిచి కూర్చున్న తీరును చూడుడు. నాలుగు గీతలలో ఆమె యేమనబోవుచున్నదో మనకు తెలియును. ఆ తీరు ఊహలో పుట్టినది కాదు. చూచినది నిలువయై, అవసరమునకు వెలికివచ్చినది. శాకుంతలమున దుష్యంతుడు శకుంతల యెదుట లేకయే ఆమెను చిత్రించును. ఆయనకు సాయపడినది స్మృతి. చూడనిదానిని స్మృతి యీయలేదు.

నేడు యంత్రమునకు నాలుగు మాటలు చెప్పినచో బొమ్మ వచ్చుచున్నది. కొంద ఱిందులకు భయపడుచున్నారు, కొందఱు మురియుచున్నారు. ఆ యంత్రము చేయునది నా కెంతో పరిచితముగ తోచుచున్నది. అది లక్షలకొలది యితరుల బొమ్మలను కలిపి, అందఱికి నచ్చు నొక బొమ్మను అందించుచున్నది. మన పాఠశాలలలోని త్రికోణపు కొండ యిట్లే పుట్టినది. యంత్రము రాకమునుపే మనము పిల్లలను యంత్రములుగ చేసియుంటిమి. కావున యంత్రమును నిందించుటకంటె, అది చేయలేని పనిని పిల్లలకు నేర్పుట మేలు. ఈ ఉదయమున, ఈ ముంగిట, ఈ బిందెపై వెలుగు పడిన తీరును చూచుట అట్టి పని.

దీనికి పెద్ద సాధనము లక్కఱలేదు. చెఱపుటకు రబ్బరు లేని యొక పెన్సిలు, చౌక కాగితము, దినమునకు పది నిమిషములు చాలును. రోలు, చీపురు, నిద్రించు పిల్లి, కూర తఱుగు నమ్మమ్మ చేతులు మొదట చాలును. మనుష్యులను గీయునపుడు వారి యనుమతి నడుగుట నేర్పవలయును. మార్కెట్టులో కూర్చున్న స్త్రీ మన వినోదమునకు పెట్టిన బొమ్మ కాదు. ఆమెను గౌరవింపని చూపు ఆమెను సరిగా చూడను జాలదు. గీచిన బొమ్మను పెద్దలు "బాగున్నది, బాగులేదు" అని తీర్పు చెప్పక, "ఇందు నీవు క్రొత్తగ చూచిన దేమి?" అని యడుగవలయును. ఆ ప్రశ్నకు ఉత్తర మున్నచో రేఖ వంకరైనను విచారము లేదు. ఉత్తరము లేనిచో రేఖ యెంత చక్కనిదైనను అది యరువు సొమ్మే.

చూచుట నేర్చిన పిల్లలలో చిత్రకారు లగువారు కొందఱే. తక్కినవారు వైద్యు లగుదురు, వర్తకు లగుదురు, తల్లిదండ్రు లగుదురు. పొరుగువాని ముఖమున దుఃఖమును, పనిమనిషి చేతి కాయలను, తమ యూరి గుట్ట కరగిపోవుటను వారు చూడగలుగుదురు. అంతటి చూపు గల గృహము చిత్రశాలకంటె తక్కువైనది కాదు.