యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధన వ్యాసములు : ఒక పరిశీలన

యల్లాప్రగడ సుబ్బారావుగారిని గూర్చి తెలుగులో వెలువడిన వ్యాసములు పెక్కులు గలవు. ఆయన స్వయముగా ప్రకటించిన వ్యాసములను పరిశీలించినవి మాత్రము అరుదు. 1895లో భీమవరమున జనించి, 1948లో అమెరికాలో కీర్తిశేషులైన ఆ మహనీయుని కొనియాడునపుడు మనవారు రెండు మాటలు తప్పక చెప్పుదురు. ఎన్నియో ఔషధములను ఆయన యొక్కరే కనుగొనిరనుట మొదటిది. ఆ కీర్తిని పరులు అపహరించిరనుట రెండవది. నేనును తరగతిలో ఏండ్ల తరబడి ఇట్లే బోధించితిని. ఆయన ప్రచురణలను కాలక్రమమున చూచిన పిదప ఈ రెండు మాటలును సవరింపదగినవని తోచినది.

ఆయన పేరు శాస్త్రలోకమున స్థిరపడుటకు మూలము, 1925లో సైరస్ ఫిస్కేతో కలసి ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి. రక్తాదులలోని స్వల్ప భాస్వరమును నీలివర్ణపు గాఢతనుబట్టి కొలుచుట దాని సారము. 1929లో వీరిద్దరును కండర కాలేయములలోని భాస్వర సమ్మేళనములను గూర్చి 'సైన్స్' పత్రికలో వ్రాసిరి. నేడు ఏ.టి.పి. అని పిలువబడు పదార్థము అందు వర్ణింపబడినది. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని స్వతంత్రముగా కనుగొనెను.

కాలేయముపై ఆయన దృష్టి నిలుచుటకు మరియొక కారణము గలదు. 1926లో మైనట్, మర్ఫీ అను వైద్యులు కాలేయమును ఆహారముగా నిచ్చి పెర్నీషస్ రక్తహీనతకు ఉపశమనము కలిగించిరి. కాలేయములో ఆ పని చేయు పదార్థమేది యను ప్రశ్నను సుబ్బారావుగారు హార్వర్డులోను, 1940 తరువాత లెడర్లీ ప్రయోగశాలలోను వెంబడించిరి. నిజమునకు ఆయన వెదకినది ఆయనకు లభింపలేదు. అది బి12 విటమిను. 1948లో ఇతరులు దానిని వేరుచేసిరి. ఆయన బృందమునకు లభించినది ఫోలిక్ ఆమ్లము. అది గర్భిణుల రక్తహీనతకును, ప్రేవులు ఆహారసారమును గ్రహింపజాలని స్ప్రూ వ్యాధికిని ఉపకరించినది. యౌవనమున ఆయన కుటుంబమును క్రుంగదీసినది ఆ స్ప్రూ వ్యాధియే యని జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఈ సందర్భమున, బొంబాయిలో గర్భిణులకు ఈస్టుసారముతో చికిత్స చేసి 1931లో ఫలితములను ప్రకటించిన లూసీ విల్స్ పేరును మనవారు విడుచుట న్యాయము కాదు.

ఇక పేర్ల ప్రశ్న. ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణమును తెలిపిన 1945 నాటి వ్యాసమున పదునారుగురి పేర్లు గలవు. మొదటి యెనిమిది పేర్లు అక్షరక్రమమున నున్నవి. అందు సుబ్బారావుగారిది ఏడవది. పరిశోధనకు అధిపతియైన వారు వరుసలో తమ వంతు స్థానముననే నిలిచిరి. లెడర్లీనుండి వచ్చిన అమినోప్టెరిన్‌తో ల్యుకేమియా పిల్లలకు చికిత్స చేసి సిడ్నీ ఫార్బర్ ప్రభృతులు 1948లో ప్రకటించిన వ్యాసమున ఆయన పేరు లేదు. ఇది అపహరణము కాదు. రోగులను చూచినవారు వ్రాసిన వ్యాసమది. ఆరియోమైసిన్‌ను కనుగొన్నవారు బెంజమిన్ డగ్గర్. ఆ ప్రయోగశాలలో పరిశోధనను నడిపించినవారు సుబ్బారావుగారు. దానిని ఆయన ఒక్కరికే కట్టబెట్టినచో, మనము పరులయందు నిందించు దోషమునే మనమును చేసినవారమగుదుము.

అయినను రెండవ మాట పూర్తిగా అసత్యము కాదు. అంతటి పని చేసినవానికి హార్వర్డున స్థిరమైన పదవి లభింపలేదు. ఆ అన్యాయమును చెప్పుటకు అతిశయోక్తి అక్కరలేదు.

కోరమండల్ వాసులమగు మనకు ఈ సంగతి సులభముగా బోధపడవలెను. 2001లో గనులు మూతపడువరకు ఇచటినుండి వెడలిన బంగారముపై రాతిని తొలిచినవారి పేర్లు లేవు. ఏ కడ్డీయును ఒక్కని చేతిపని కాదు. బడిపిల్లలకు వారమువారమును ఇచ్చు ఇనుము–ఫోలిక్ ఆమ్లపు మాత్రను చూపి, "ఇది సుబ్బారావుగారు కనుగొన్నది" అని ఇన్నాళ్లు చెప్పితిని. ఇకపై "సుబ్బారావుగారును, పదునైదుగురు సహచరులును కలసి తయారుచేసిన పదార్థమిది" అని చెప్పుదును. దానివలన ఆయన యశస్సు తగ్గదు. పిల్లలకు మాత్రము పరిశోధన యెట్లు సాగునో తెలియును.