వేళ్లు ఎక్కడ వెతకాలి?

తిమ్మాజిపేటకు సముద్రం లేదు. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా అంటున్నారు గానీ 2016 దాకా మేం మహబూబ్‌నగర్ జిల్లావాళ్లం. కరువొస్తే మూటాముల్లె సర్దుకుని వలసపోయే పాలమూరు మాది. ఇక్కడ కూర్చుని సముద్రపుటొడ్డు సాయిబుల గురించి మీకెందుకని అడగొచ్చు. వాళ్లనూ మమ్మల్నూ తరిమే ప్రశ్న ఒక్కటే గనక. 'మీరెక్కడి నుంచి వచ్చారు?'

ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసి ఆ ప్రశ్న వెనకున్న అనుమానాన్ని బట్టబయలు చేశాడు. 1998లో 'జల్‌జలా' కవులు గొంతు కలిపారు. అదంతా దేశం ముందు నిలబడి చెప్పిన జవాబు. ఊరి ముందు నిలబడి చెప్పాల్సింది ఇంకొకటుంది. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఆ పని మొదలుపెట్టింది. నెల్లూరు జిల్లా ముస్లిం ఇల్లు, దాని లేమి, దాని నవ్వు, అన్నీ నెల్లూరు యాసలోనే. ఆ పుస్తకం ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. అదే దాని బలం.

కానీ బాల్యపు జ్ఞాపకం రెండు మూడు తరాలు దాటి వెనక్కి పోలేదు. అది కథకుడి లోపం కాదు. వెనకటి సంగతి రాయాల్సినవాళ్లు రాయలేదు. కోస్తాలో మా చరిత్రంటే గుర్రాలూ కత్తులూ మాత్రమేనా? 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం ఓడలు పర్షియాకూ పెగూకూ పోయాయి. 'బందరు' పారసీ మాట, రేవని అర్థం. 'కలంకారీ' కూడా పారసీ మాటే. ఆ గుడ్డ అద్దిన చేతులు మాత్రం ఇక్కడివి. రాజుల పేర్లు దొరికిన పుస్తకాల్లో ఆ చేతుల పేర్లు దొరకవు.

మా ఇంటి తప్పు కూడా చెప్పుకోవాలి. షజ్రా తీసి, మా ముత్తాత అరేబియా నుంచి దిగాడని గొప్ప చెప్పుకున్నాం. దూదేకిన తాతను, అద్దకం చేసిన తాతను దాచేశాం. దూదేకులవాళ్లతో వియ్యమందడానికి వెనకాడాం. మమ్మల్ని పరాయివాళ్లనేవాళ్లకు సాక్ష్యం మేమే అందించాం.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన బీసీ-ఇ చట్టం చదవండి. నాలుగు శాతం రిజర్వేషన్ కోసం వేసిన ఆ జాబితాలో అచ్చుకట్లవాళ్లున్నారు, అత్తరు సాయిబులున్నారు, లబ్బీలున్నారు. అచ్చుకట్లవాళ్లకే అచ్చుపనివాళ్లని ఇంకో పేరు. అరబ్బీ కాదు, పారసీ కాదు, చేసిన పనే పేరయింది. సయ్యదు, మొగలు, పఠాను, అరబ్బు, ఇరానీ అన్నవాళ్లను చట్టం బయట ఉంచింది. మేం దాచుకున్న తాతలే మా పిల్లలకు కాలేజీ సీటు ఇప్పించారు. కోర్టులో వాదన నడిచి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాకే అదీ నిలిచింది.

కాబట్టి మా విమర్శకులకు మా మనవి. ముస్లిం కథ చేతికొస్తే అందులో మతం ఎంత, వాదం ఎంత అని మాత్రమే కొలవకండి. ఆ ఇంటివాళ్లు ఏ పని చేసి బతికారో, ఏ నీళ్లు తాగారో కూడా అడగండి. రాసేవాళ్లం మేమూ అడుగుతాం. బందరులో అద్దకం తెలిసిన ముసలాయనను, తిమ్మాజిపేటలో పీర్ల గుండం తవ్విన కులాలన్నిటినీ. వాళ్లు బతికుండగానే రాసుకోవాలి.