పోదనపురమా? ఏకచక్రపురమా?: బోధన్ కథనాల వైరుధ్యం, వ్యాఖ్యాన పద్ధతి

1. ఉపోద్ఘాతం

నిజామాబాద్ జిల్లా బోధన్‌కు రెండు పౌరాణిక గతాలున్నాయి. భీముడు బకాసురుని వధించిన ఏకచక్రపురం ఇదేనని స్థానికుల విశ్వాసం. పట్టణంలోని ఏకచక్రేశ్వరాలయం ఆ పేరును నిలిపి ఉంచింది. ఋషభనాథుని కుమారుడైన బాహుబలి ఏలిన పోదనపురం ఇదేనని మరొక సంప్రదాయం. బౌద్ధ వాఙ్మయంలోని అస్సక జనపద రాజధాని పోతన కూడా బోధనేనని పలువురు చరిత్రకారులు గుర్తించారు.

కోటగిరి, బోధన్ ప్రాంతాల్లో స్థలపురాణాలను సేకరించే పరిశోధకునికి మొదట ఎదురయ్యే ప్రశ్న 'వీటిలో ఏది నిజం?' అన్నది. దానికంటే ముందు వేయవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఏ కథను ఎవరు, ఎవరి కోసం, ఏ అవసరంతో చెప్పారు? ఈ క్రమం తప్పితే ఏమి నష్టపోతామో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒక కల్పిత లోకంలోని ఉదాహరణ

పరస్పర విరుద్ధ కథనాలను ఎలా చదవాలో చూపే స్పష్టమైన ఉదాహరణ ఆధునిక అద్భుత సాహిత్యంలో ఉంది. టోల్కీన్ 'ది హాబిట్' నవల 1937లో వెలువడింది. అందులో పొడుపుకథల పోటీలో తాను ఓడితే ఉంగరాన్ని బహుమతిగా ఇస్తానని గొల్లమ్ పందెం కాస్తాడు. 1951 నాటి సవరించిన ముద్రణలో ఆ పందెం లేదు; ఉంగరం పోయిందని గ్రహించిన గొల్లమ్ బిల్బోను దొంగ అని శపిస్తాడు. రచయిత పాత పాఠాన్ని పొరపాటుగా కొట్టివేయలేదు. అది బిల్బో తన తోటివారికి చెప్పిన అబద్ధమని, ఉంగరంపై తన హక్కును స్థాపించుకోవడానికి అలా చెప్పాడని తరువాతి రచనలో వివరించాడు.

దీనివల్ల పాఠభేదం స్వయంగా సాక్ష్యమైంది. తొలి కథ జరిగినదాన్ని కాక, చెప్పినవాని మనసును తెలుపుతుంది. అయితే ఇక్కడ రెండు పాఠాలకూ పైన ఒక కర్త ఉన్నాడు. స్థలపురాణానికి అటువంటి కర్త లేడు. ఈ తేడాను మరవకుండానే పై పద్ధతిని బోధన్‌కు అన్వయించాలి.

3. చేరరాని పోదనం

బాహుబలి రాజధాని విషయంలో జైన సంప్రదాయంలోనే ఏకాభిప్రాయం లేదు. శ్వేతాంబర గ్రంథాలు తక్షశిల అంటాయి. జినసేనుని ఆదిపురాణం మొదలైన దిగంబర గ్రంథాలు పోదనపురం అంటాయి. దక్షిణాదిలో నిలిచింది రెండవదే.

శ్రవణబెళగొళలో 12వ శతాబ్దికి చెందిన బొప్పణ కవి శాసనం ఒక కథ చెబుతుంది. పోదనపురంలో భరతుడు 525 ధనువుల ఎత్తున బాహుబలి విగ్రహాన్ని నిలిపాడు. కాలక్రమంలో ఆ చోటు కుక్కుటసర్పాలతో నిండి మనుషులకు అగమ్యమైంది. దాన్ని దర్శించాలని కోరిన చావుండరాయడు, వెళ్లడం సాధ్యం కాదని తెలిసి, బెళగొళలోనే విగ్రహాన్ని చేయించాడు.

ఈ కథలో పోదనం చేరరానిదై ఉండడం ఆకస్మికం కాదు. మూలవిగ్రహం చేరువలో ఉంటే కొత్త విగ్రహానికి కారణం ఉండదు. బెళగొళ కథకు కావలసింది కనిపించని ఊరు. బోధన్ వాసులకు కావలసింది తాము నివసిస్తున్న ఊరి ప్రాచీనత. ఒకే పేరు రెండు భిన్న అవసరాలను తీర్చింది. కాబట్టి బొప్పణ శాసనాన్ని బోధన్ భౌగోళికానికి నేరుగా రుజువుగా చూపడం కథ స్వభావాన్ని విస్మరించడమే.

4. పంపకవి: ఒకే కవి, రెండు లోకాలు

వేములవాడ చాళుక్యుల తొలి కేంద్రం బోధన్ అని చరిత్రకారులు భావిస్తారు. ఆ వంశానికి చెందిన రెండవ అరికేసరి ఆస్థానకవి పంపడు. ఆయన 941లో ఆదిపురాణాన్ని రచించాడు. అందులో బాహుబలి కథ ఉంది. విక్రమార్జున విజయంలో భారతకథ చెప్పాడు. బోధన్‌కు చెందిన రెండు గాథల మూలకథలూ ఒకే కవి రచనల్లో పక్కపక్కనే నిలిచాయి.

భారతకథలో పంపడు చేసిన మార్పు గమనించదగినది. ఆయన కావ్యంలో ద్రౌపది అర్జునునికి మాత్రమే భార్య. అరికేసరిని అర్జునునితో అభేదంగా కీర్తించే కావ్యంలో ఐదుగురు భర్తల వృత్తాంతం ఒదగదు. తరువాతి శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ వ్యాసుని కథనే నిలిపాడు. పంపడు 'తప్పు' చెప్పాడనడం ఎంత అసంగతమో, బోధన్ కథల్లో ఒకదాన్ని తప్పనడం కూడా అంతే అసంగతం.

జైన గాథను తరువాతి శైవులు తుడిచి ఏకచక్రపురాన్ని నిలిపారన్న ఊహ సులభంగా పుడుతుంది. బోధన్‌లో లభించిన జైన శిల్పాలు అక్కడి జైనాన్ని నిరూపిస్తాయి కాని ఈ వరుసక్రమాన్ని నిరూపించవు. రెండు కథాలోకాలూ ఒకే కాలంలో, ఒకే ఆస్థానంలో సహజీవనం చేయగలవనడానికి పంపడే నిదర్శనం.

5. సమన్వయమనే ప్రలోభం

'ద్వాపరంలో ఏకచక్రపురం, తరువాత పోదనపురం, నేడు బోధన్' అనే వరుస వినడానికి సమంజసంగా ఉంటుంది. కాని జైన కాలగణనలో బాహుబలి మొదటి తీర్థంకరుని కుమారుడు. కృష్ణుడు, పాండవులు 22వ తీర్థంకరుడైన నేమినాథుని కాలంవారు. ఆ లెక్కన పోదనమే ముందు. ఒక సంప్రదాయపు కాలాన్ని మరొకదానిపై రుద్దితేనే పై వరుస కుదురుతుంది. ఇలా సమన్వయించే పరిశోధకుడు వ్యాఖ్యాతగా మిగలడు, మూడో కథకుడవుతాడు. టోల్కీన్‌కు ఆ అధికారం ఉంది, అది ఆయన సృష్టించిన లోకం. మనకు లేదు.

ఏకచక్రపురం తమదేనని చెప్పుకొనే ఊళ్లు బెంగాల్‌లోని బీర్భూమ్‌లోనూ, కర్ణాటకలోని కైవారలోనూ ఉన్నాయి. ఈ పోటీ బోధన్ కథ విలువను తగ్గించదు. భారతాన్ని ప్రతి ప్రాంతమూ తన నేలమీదికి తెచ్చుకున్న తీరుకు అది ఆధారం.

6. ముగింపు

స్థలపురాణ సేకరణలో ప్రతి పాఠాన్నీ దాని కథకుడు, శ్రోతలు, సందర్భంతో సహా విడివిడిగా నమోదు చేయాలి. చారిత్రక నిర్ధారణను శాసన, పురావస్తు ఆధారాలకు వదలాలి. ఒక్క పాఠాన్ని 'ప్రామాణికం'గా ముద్రిస్తే, రేపు ఊరివాళ్లే ఆ పుస్తకాన్ని చూసి కథ చెబుతారు. రెండవ కథ చెప్పే గొంతు ఆగిపోతుంది. వైరుధ్యం పరిష్కరించవలసిన లోపం కాదు. ఒక ఊరు ఎందరి ఊహల్లో జీవించిందో చెప్పే ఆధారం.