పులినెక్కిన ప్రియయు, ఆమె పగవారును

మా అద్దంకి రెడ్డిరాజుల తొలి రాజధాని. ప్రోలయ వేమారెడ్డి కొలువున ఎఱ్ఱాప్రెగడ హరివంశమును తెనిగించి ఆ రాజునకే అంకితమొసగెను. ఆ శతాబ్దియందే నాచన సోముడు ఉత్తరహరివంశమున సత్యభామచేత విల్లు పట్టించి నరకునితో కయ్యమునకు నిలిపెను. సంస్కృత భాగవతమున సత్య గరుడునిపై భర్త వెంట పోయినది మాత్రమే; ఆమె శౌర్యమును కన్నులకు గట్టించినవారు మన కవులు. ఐనను పోతన భాగవతములో సైతము నరకుని తల నఱకిన చక్రము కృష్ణుని చేతిదే. ఆడుది పోరవచ్చును గాని ముగింపరాదు కాబోలు!

ఈ లోపమును తీర్చు నాయిక యొకతె బొమ్మలకథలలో పుట్టినదని విని, ఆ పుస్తకములను తెప్పించి చదివితిమి. 2012 డిసెంబరులో ఢిల్లీ నగరమున, నడచుచున్న బస్సులో ఒక విద్యార్థినిపై జరిగిన దారుణము పాఠకులు మఱచియుండరు. అప్పు డచ్చటనున్న రామ్ దేవినేని యను చలనచిత్రకారుడు (ఇంటిపేరు మనవారికి సుపరిచితమే) ఒక పోలీసు ఉద్యోగితో మాటలాడగా, మంచి పిల్లలు రాత్రివేళ ఒంటరిగా తిరుగరని బదులు వచ్చెనట. ఆ బదులే 2014లో వెలువడిన 'ప్రియాస్ శక్తి'కి విత్తనము. బొమ్మలు డాన్ గోల్డ్‌మన్ గీసినవి.

ప్రియ పల్లెటూరి పిల్ల. ఉపాధ్యాయిని కావలెనని కోరినది. తండ్రి బడి మాన్పించెను. పిదప ఆమెపై అత్యాచారము జరిగెను. ఇంటివారు ఆమెనే నిందించి వెడలగొట్టిరి. అడవిలో పులి వెంబడించెను. పార్వతీదేవి ప్రేరణమున ఆమె వెనుదిరిగి నిలువగా, తఱిమిన పులియే వాహనమయ్యెను. శివుని శాపము, దేవతల యుద్ధము మాకు రుచింపలేదు. అవి లేకున్నను కథకు కొఱత లేదు. కాని ఈ పుస్తకమున గొప్ప విషయ మొకటి కలదు. ఇందు శత్రువునకు కోఱలు లేవు. తండ్రి మాట, ఇరుగుపొరుగువారి గుసగుస, ఊరి మౌనము, ఇవియే శత్రువు.

2016లో వచ్చిన రెండవ పుస్తకమున యాసిడు దాడులకు గుఱియైన స్త్రీలకు ప్రియ తోడుపడును. ఇచట శత్రువు అహంకారుడను రాక్షసరాజు. ఈ పేరు చూడగానే మాకు కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయము స్ఫురించినది. అందును అహంకారము పాత్రయై రంగమెక్కును. నంది మల్లయ, ఘంట సింగయలు దానిని తెనిగించియున్నారు. దూరదేశమునను ఇదియే పద్ధతి. గ్రీకు పురాణముల అమెజానులనుండి 1941లో వండర్ వుమన్‌ను సృజించిన మార్‌స్టన్ మనశ్శాస్త్రజ్ఞుడు. ఆమెకు యుద్ధదేవత మార్స్‌ను పగవానిగా నిలిపి, వంచన, లోభము, ఆక్రమణము అనువారిని వాని అనుచరులను జేసెను. 1943లో వచ్చిన చీటా మూర్తీభవించిన అసూయ. దుర్గుణములకు ముఖము తగిలించుట చదువరికి సులభము. అపాయమును అందే యున్నది: యాసిడు పోసినవాడు రాక్షసుడైనచో, వానిని పెంచిన యింటికి పూచీ యెక్కడిది?

2019లోని మూడవ పుస్తకమున రాహువు పాతాళపు వేశ్యావాటిక నేలును. ప్రియ తన చెల్లెలిని, తక్కిన పిల్లలను విడిపించును. రాక్షసుడు ఓడెను గదా యని మేము పుస్తకము మూయబోతిమి. విడిపించినవారిని ఊరు రానీయలేదు! మొదటి పుస్తకపు శత్రువు చెక్కుచెదరక పొలిమేరలోనే నిలిచియున్నాడు. ఈ ఘట్టమునకై మేము రాహువును క్షమించితిమి. 2020లో కరోనాపై వచ్చినది హితబోధయే గాని కథ గాదు.

మొదటి పుస్తకమును మా తరగతిలో చదివి వినిపించితిమి. ఒక బాలిక లేచి, "మాస్టారూ, తరువాత వాళ్ల నాన్న ఏమన్నాడండీ?" అని యడిగెను. పులిని గూర్చి యెవరును అడుగలేదు. మఱుసటి వారము మిరపకోతలు ముమ్మరమయ్యెను. హాజరుపట్టీలో ఆ బాలిక పేరెదుట ఖాళీలు పడెను. మేము వారి యింటికి పోయితిమి. తండ్రి కౌలురైతు, సాధువు. కల్లములో కాయ తిరుగవేయుచుండెను. మమ్ము మంచముపై కూర్చుండబెట్టి, మజ్జిగ తెప్పించి, కూలీలు దొరకుట లేదని, కోతలు కాగానే పిల్లను పంపెదనని చెప్పెను.