చుక్కల మందుకు ముందే చూడండి

చిన్న టార్చిలైటు, ఎర్రమూత ఉన్న మందు సీసా, రెండు చేతుల వేళ్లు, కాస్త ఓపిక. ఇంతమాత్రం సరంజామాతో మెదడులో జబ్బు ఫలానా చోట ఉందని చెప్పగలిగే వైద్యశాఖ న్యూరో ఆఫ్తాల్మాలజీ. కంటికీ మెదడుకూ మధ్య ఉన్న దారంతా దాని ఇలాకాయే. మెదడుకు సంబంధించిన పన్నెండు జతల నాడుల్లో రెండోది చూపును మోస్తుంది. మూడు, నాలుగు, ఆరు జతలు కంటిని కదిలిస్తాయి. చూపు మసకబారినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, రెప్ప వాలిపోయినా తప్పు కంట్లోనే ఉందనుకోవడానికి లేదు. ఆ తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే ఈ విద్య.

ముందు టార్చి పరీక్ష సంగతి. గదిలో వెలుగు తగ్గించి రోగిని దూరంగా చూడమంటారు. దగ్గరి వస్తువును చూస్తే కంటిపాపలు వాటంతటవే ముడుచుకుంటాయి కాబట్టి ఈ జాగ్రత్త. ఒక కంటి మీద రెండు మూడు సెకన్లు వెలుగు ఆపి, చప్పున రెండో కంటికి మారుస్తారు. కంటి నరాలు రెండూ బాగుంటే పాపలు చిన్నవిగానే ఉంటాయి. ఒక నరం దెబ్బతిని ఉంటే, వెలుగు ఆ కంటి మీదకు రాగానే పాపలు రెండూ విప్పారుతాయి. వెలుగు పడుతుంటే పాప పెద్దదవడం! మార్కస్ గన్ పేరుతో ప్రసిద్ధమైన ఈ గుర్తు రోగి మాట మీద ఆధారపడదు. కంటి శుక్లం ఎంత ముదిరినా దానివల్ల ఈ గుర్తు రాదు. అందుకే శుక్లం ఆపరేషనుకు ముందు ఈ ఒక్క పరీక్ష చేస్తే, తీరా శుక్లం తీశాక చూపు రాలేదేమని తలపట్టుకునే అవస్థ చాలామందికి తప్పుతుంది.

రెండు పాపల్లో ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉంటే దోషి ఏది? తేడా చీకట్లో పెరిగితే చిన్నదాన్ని అనుమానించాలి. ఆ జాడ మెడ మీదుగా ఊపిరితిత్తుల పైకొన దాకా పోవచ్చు. వెలుగులో పెరిగితే పెద్దదాన్ని. దానికి తోడు రెప్ప వాలి, గుడ్డు బయటివైపు తిరిగి ఉంటే మెదడులో రక్తనాళం ఉబ్బి మూడో నాడిని నొక్కుతోందేమోనని పరుగెత్తాలి. అది చిట్లితే ప్రాణానికే ముప్పు. తేడా కొత్తదా పాతదా అని తేల్చడానికి ఆరితేరిన వైద్యులు పెళ్లి ఆల్బం తెమ్మంటారు. స్కానుకు తెలియని సంగతి ఆల్బం చెబుతుంది.

ఎర్రమూతను ఒక్కో కంటి ముందు అటూ ఇటూ జరిపినప్పుడు, రెండు కళ్లలోనూ బయటివైపు ఎరుపు వెలిసినట్టు కనిపిస్తే పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ ఉందేమో చూడాలి. వాలిన రెప్ప మీద రెండు నిమిషాలు ఐసు పెడితే అది పైకి లేచిందా, కండరాలు త్వరగా అలిసిపోయే మయస్థీనియా జబ్బు అనుమానం బలపడుతుంది. ఇంత చవగ్గా, ఇంత సొగసుగా సాగే విద్య వైద్యంలో ఇంకెక్కడుంది?

చరిత్ర క్లుప్తంగా. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలిని చూపే ఆఫ్తాల్మోస్కోపును లోకానికిచ్చాడు. దాంతో బతికున్న మనిషి కంటి నరం మొదలు కళ్లకు కట్టింది. 1860లో ఫాన్ గ్రేఫే అక్కడి వాపును మెదడు గడ్డలతో ముడిపెట్టాడు. జపాన్ వైద్యుడు తత్సుజి ఇనోయె ఘనత ఎంత చెప్పినా తక్కువే. రష్యా–జపాన్ యుద్ధంలో తలలోంచి తూటా దూసుకుపోయినా బతికిన సైనికులను పరీక్షించి, తూటా దారినీ పోయిన చూపు మేరనూ సరిపోల్చి, మెదడులో చూపు పటాన్ని గీశాడు. ఎమ్మారై పేరు కూడా పుట్టని రోజుల్లో! 1947లో ఫ్రాంక్ వాల్ష్ ఈ శాఖకు మూలగ్రంథం రాశాడు. ఆయన శిష్యుడు విలియం హాయిట్ తర్వాతి కూర్పులో చేయి కలిపాడు. నా ఓటు మాత్రం హాయిట్‌కే. రెటీనా మీది నాడీతంతువుల పొరలో సన్నని గీతల్లాంటి లోపాలను ఆఫ్తాల్మోస్కోపుతో పట్టుకోవడం నేర్పిన కన్ను అది.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనేవాళ్లకు 2009 నాటి అధ్యయనం చూపించాలి. ఆగకుండా తల తిరుగుతున్న రోగుల్లో పక్షవాతాన్ని పట్టడంలో, మంచం పక్కన చేసే మూడు కంటి కదలికల పరీక్షలు తొలి గంటల ఎమ్మారై కన్నా మెరుగని తేలింది.

మరి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? రోగి కుర్చీలో కూర్చోగానే పాప విప్పారే చుక్కల మందు వేసేస్తున్నారు. మందు పడ్డాక పాప ఇక సాక్ష్యం చెప్పదు. ఆ తర్వాత ఎమ్మారైకి పంపడం, నార్మల్ అని వస్తే మీకేమీ లేదనడం! ఎక్కడ వెతకాలో చెప్పకుండా తీసిన స్కాను ఏం వెతుకుతుంది? అంతకన్నా దారుణం, కంటి నరం వాపు అని చీటీ అంటించి స్టెరాయిడ్ బిళ్లలు రాయడం. 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ఆ పేరుతో నిపుణుల దగ్గరకు వచ్చిన 122 మందిలో 73 మందికి అసలు ఆ జబ్బే లేదు. జబ్బు నిజంగా ఉన్నా, మామూలు మోతాదు బిళ్లలు మాత్రమే ఇస్తే అది తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని 1992లోనే తేలింది. మన దేశంలో క్షయకు ఇచ్చే ఇథాంబ్యుటాల్ కొందరిలో నొప్పి లేకుండానే కంటి నరాలను తినేస్తుంది. రంగులు ముందు వెలిసిపోతాయి. ఆ మాత్రలు వాడుతున్న మనిషికి నెలనెలా రంగుల పుస్తకం చూపించే తీరిక ఎవరికీ లేకపోవడం సిగ్గుచేటు.

ఈ విద్యలోకి వచ్చే దారి స్పష్టంగానే ఉంది. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు కంటి వైద్యంలో ఎమ్మెస్ గానీ డీఎన్‌బీ గానీ, ఆపైన ఈ శాఖలో ఫెలోషిప్. న్యూరాలజీలో డీఎం చేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఫండస్ (కంటి లోపలి వెనకభాగం) చూడటం చేతికి అలవాటైన కంటి వైద్యుల వైపే నా మొగ్గు. మదురై అరవింద్‌లో, చెన్నై శంకర నేత్రాలయలో, మన హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లో ఈ విద్య తెలిసినవాళ్లున్నారు. అయినా పీజీలు ఎందుకు రావడం లేదు? ఒక్క రోగికే గంట పడుతుంది, ఆపరేషన్ల ఆదాయం పెద్దగా ఉండదు. ఆ గంటలో నిలబడ్డ ప్రాణానికి బిల్లులో గడి లేదు.

ఆసుపత్రి యాజమాన్యాలారా, ఆ గంటకు విలువ కట్టండి, ఆ వైద్యులకు తగిన జీతమివ్వండి. పీజీ మిత్రులారా, ఒక్క నెల న్యూరో ఆఫ్తాల్మాలజీ ఓపీలో కూర్చోండి. కంటి ఆసుపత్రులన్నీ రేపటి నుంచే ఒక్క నియమం పెట్టుకోవాలి: పాపల మీద టార్చి వేసి, కనిపించింది కేసు షీటులో రాశాకే చుక్కల మందు సీసా మూత తీయాలి. దీనికి పైసా ఖర్చు లేదు.